మస్కట్ కార్గోలో పేరు కుదరని పెట్టె

మా నాన్నది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు. పక్కది పెదనాన్నది, ఎదురుగా ఉన్నది మేనమామది. జీడిపప్పు డబ్బా అడుగున మిగిలే ముక్కలను ఎవరూ కొనేవారు కారు. నాన్న ఒకరోజు వాటిని వేరే సీసాలో పోసి, "పాయసం జీడిపప్పు" అని చీటీ అంటించాడు. సాయంత్రానికి సీసా ఖాళీ. ఎదురు కొట్టు మేనమామ మర్నాడే తన దగ్గరున్న నూకకు "ఉప్మా బియ్యం" అని చీటీ అంటించాడు.

అలాంటి ఇళ్లలో పెరిగినవాణ్ణి. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, రెండు పీకితే ఎంతకు తగ్గిస్తారని డాక్టర్ని అడిగానని మా ఆవిడ ఇప్పటికీ బంధువుల ముందు చెబుతుంది. అది అబద్ధమేమీ కాదు. డాక్టరు తగ్గించాడు కూడా.

ఆ నోటితోనే ఒమాన్ వెళ్లి క్లియరింగ్ ఏజెంటుగా బతికాను. పనేమిటంటే, విమానంలోనో ఓడలోనో వచ్చిన సరుకును కస్టమ్స్ దగ్గర విడిపించి సొంతదారుకు అందజేయడం. బయటివాళ్లు ఇదంతా తిరుగుడు పని అనుకుంటారు. తిరుగుడు ఉంది, కాదనను. కానీ అసలు పనితనమంతా డిక్లరేషన్‌లో ఒక్క లైనులో ఉంటుంది. ఈ పెట్టెలో ఉన్నదేమిటి అనే లైను. ఆ లైను బట్టే సుంకం, ఆ లైను బట్టే ఆపడం, వదలడం. ఉన్నదాన్ని అబద్ధం కాకుండా, పూర్తిగా నిజమూ కాకుండా, అధికారి కనుబొమ్మ లేవకుండా రాయడం నా విద్య. పాయసం జీడిపప్పు అన్నమాట.

ఇప్పుడు ఆ పనిలో ఉన్న పిల్లలు కొందరు సెలవుల్లో వచ్చి, అంకుల్, మీ సర్వీసులో బాగా కష్టపెట్టిన కేసు ఏదని అడుగుతుంటారు. సోహార్ పోర్టులో ఇరుక్కుపోయిన ఏ స్టీలు ప్లాంటు మిషనో చెబుతానని వాళ్ల ఆశ. నన్ను కష్టపెట్టింది చెప్పుల పెట్టెంత వెదురు పెట్టె. అందులో ఉన్నది మట్టి. ఆ మట్టి ఒకప్పుడు ఒక టీచరమ్మ.

*

ఒక శుక్రవారం, అక్కడ సెలవు రోజు అదే, ప్రార్థన అయ్యాక చర్చి నుంచి నేరుగా మా రూమ్‌కి వచ్చింది నర్సు సిస్టరు. గుంటూరు వైపు మనిషి. మస్కట్‌లో పెద్దాసుపత్రిలో పని చేస్తూ, చర్చి కమిటీలో ఉంటూ, మనవాళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పాస్‌పోర్టు పోయినా తన పనే అనుకునే రకం. ఆవిడ వెనక ఇంకో ఆవిడ. కోనసీమలో ఒక లంక ఊరు. మస్కట్‌లోనే అల్ హైల్ అనే పేటలో ఒక ఇంట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తోందట. చేతిలో ఖాళీ నెయ్యి డబ్బా, అందులో నడుం ఎత్తు నిమ్మమొక్క.

"అన్నయ్యగారండి, నాకు రెండు పన్లున్నాయండి. ఒకటి రావాలండి, ఒకటి పోవాలండి," అంది.

పోవలసింది ఆ మొక్క. వీసా ముగించుకుని ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోతోంది, విమానంలో పట్టుకెళ్లొచ్చా అని. నేను నవ్వాను. చెల్లెమ్మా, వేరున్న మొక్కని మట్టితో సహా విమానం ఎక్కనివ్వరు, ఎక్కనిచ్చినా మన దేశంలో దిగనివ్వరు అన్నాను. సరేలెండి, సిస్టరుగారికి ఇచ్చి వెళ్తాను అంది. ఆ పనికి పెద్దగా బాధ పడలేదు. రెండోది చెప్పేటప్పుడు మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది.

ఆవిడ పనిచేసిన ఇల్లు ఒక అమెరికా టీచరమ్మది. ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి, ఇక్కడి స్కూల్లో తరతరాల పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం నేర్పి, రిటైరయ్యాక కూడా వెళ్లబుద్ధి కాక అల్ హైల్‌లో ఉండిపోయింది. భర్త లేడు. ఒక కొడుకు, అక్కడే. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు. వెనక వసారాలో ఒక నిమ్మచెట్టు పెంచారు; నెయ్యి డబ్బాలో మొక్క దాని గింజ మొలిచిందే. ఒమాన్‌లో నిమ్మకాయలను ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి ఎండలో నల్లబడేదాకా ఎండబెడతారు. లూమీ అంటారు. పులుసుల్లో వేస్తారు, వేణ్ణీళ్లలో వేసుకుని టీలా తాగుతారు. ఆ ఇంటి డాబా మీద సగం కాయలు లూమీకి, సగం మన ఊరగాయకు. ఎవరి సగం పెద్దదని ఇద్దరికీ ప్రతి ఏడూ గొడవేనట.

టీచరమ్మకు జబ్బు చేసింది. కొడుకు వచ్చి అమెరికా తీసుకెళ్లాడు. ఇంటి యజమాని మంచివాడు, ఒమానీ ముసలాయన. కాంట్రాక్టు అయ్యేదాకా ఇల్లు చూసుకోమని ఈవిడ వీసా తన పేరు మీదికి మార్చుకున్నాడు. ఒకరోజు వీడియో కాల్‌లో టీచరమ్మ, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో, "నేను ఎరువు అవుతాను" అని చెప్పిందట.

"ఛీ, అదేం మాటండి అన్నానండి. పెంటకుప్పా ఏటండి మనిషంటే? ఆవిడ నవ్వేరండి. తరవాత కొడుకు నెమ్మదిగా చెప్పేరండి. కాల్చరు, పెట్టెలో పెట్టి పాతరు. చెక్కపొట్టులో, గడ్డిలో పడుకోబెట్టి, మట్టి అయ్యేదాకా ఉంచుతారంటండి." కొంచెం ఆగింది. "మా ఊళ్లో ఎవరైనా పోతే మట్టి చేసేం అంటాం కదండి. ఆవిడ నిజంగానే మట్టయ్యేరండి."

ఆ మట్టిలో చాలా భాగం అక్కడే ఒక అడవిలో కలిపారు. ఒక పెట్టెడు మాత్రం, తల్లి చెప్పి పోయినట్టుగా, కొడుకు ఇక్కడికి పంపుతున్నాడు. ఈవిడ చేత్తో ఆ నిమ్మచెట్టు మొదట్లో వేయాలి. వచ్చే వారం ఈవిడ విమానం. ఆ తరవాత ఇంట్లోకి కొత్తవాళ్లొస్తారు.

"మనకదేం పనన్నయ్యా, చిటికెలో అయిపోదూ," అంది సిస్టరు. నేను కాలర్ సర్దుకున్నాను.

*

కొడుకు పంపిన కాగితాల్లో ఒక సర్టిఫికెట్ ఉంది. దాని మీద పెద్దక్షరాల్లో ఒక మాట. టెర్రమేషన్.

మా ఆఫీసులో టైపింగ్ చూసే మలయాళీని అందరం చేటన్ అంటాం, వాళ్ల భాషలో అన్న అని; ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివి, ఫోన్‌లో వెతికి, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకున్న పద్ధతేనని చెప్పాడు. నేను ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. క్రిమేషన్‌లో ముందు ముక్క పీకి ఇంకేదో తగిలించినట్టున్నారు. శ్మశానం వ్యాపారం చేసేవాడెవడో మా నాన్న కొట్లో గుమాస్తాగా చేసి వెళ్లుంటాడు అన్నాను. చేటన్ నవ్వలేదు. ఏం రాయమంటావు అని అడిగాడు.

ఆలోచించాను. మానవ అవశేషాలు అంటే శవపేటికలకు ఒక దారి ఉంది, దహనం చేసిన బూడిదకు ఒక దారి ఉంది. ఆ రెండు దారులూ నాకు కంఠతా. సైట్లలో పోయిన మన పిల్లలెంతమందినో ఆ దారిలోనే ఇంటికి పంపాను, ఆ లెక్క నేను పెట్టుకోను. ఇది పేటికా కాదు, బూడిదా కాదు. ఈ కొత్త మాట రాస్తే కౌంటర్‌లో కూర్చున్నవాడు నోరు తెరుస్తాడు. పై అధికారిని అడుగుతాడు. ఆయన ఇంకో ఆఫీసుకు రాస్తాడు. ఈలోపు కోనసీమ ఆవిడ విమానం ఎగిరిపోతుంది. కాబట్టి అందరికీ తెలిసిన మాట రాయాలి. "తోట మట్టి, నమూనా, అమ్మకానికి కాదు."

"అన్నా, ఉన్నది రాస్తే పోలా?" అన్నాడు చేటన్.

నేను ఆయన భుజం తట్టాను. ఇంత చిన్న నమూనాలకు ల్యాబ్ పేరుతో దారి దొరుకుతుందని నా ధీమా. సంతకం పెట్టి పంపాను. సాయంత్రం లంచ్‌హోమ్‌లో చేపల పులుసు ధర మీద బేరమాడి, ఉత్సాహంగా రెండు ముక్కలు ఎక్కువే వేయించుకున్నాను.

మర్నాడు ఎయిర్‌పోర్టు కార్గోలో వ్యవసాయ క్వారంటైన్ కౌంటర్‌లో ఒక ఒమానీ అమ్మాయి ఉంది. కొత్తగా చేరింది. పాత ఆయనైతే నా ముఖం చూసి టీ తెప్పించేవాడు. ఈ అమ్మాయి ముఖం చూడదు, కాగితం చూస్తుంది. ల్యాబ్ ఏది అంది. పర్మిట్ ఏది అంది. నా దగ్గర రెండూ లేవు. పరాయి దేశం మట్టిలో ఏ పురుగుంటుందో, ఏ తెగులుంటుందో, ఒక్క పెట్టెతో బాతినా తీరంలో తోటలన్నీ పాడవచ్చు, మమ్నూ, అంటే నిషిద్ధం, అని చెప్పి ముద్ర వేసేసింది. తిప్పి పంపడానికి పంపినవాడి తరఫు ఏర్పాటు ఉండాలి, అదీ లేదు. కాబట్టి మిగతా నిషేధించిన సరుకుతో పాటు ఈ వారం కాల్చేస్తాం అంది.

నేను నా విద్యలన్నీ తీశాను. వయసు చెప్పాను, సర్వీసు చెప్పాను, చిన్న పెట్టెమ్మా అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగానే విని, "అంకుల్, మీరే కదా మట్టి అని రాశారు," అంది.

అప్పుడు చూడాలి నన్ను. నేను అంటించిన చీటీ నా నుదుటికే అంటుకుంది.

*

ఈ సంగతి కోనసీమ ఆవిడకు ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక, అల్ హైల్ వెళ్లాను. ఆవిడ సామాను సర్దుకుంటోంది. వెనక వసారాలో నిమ్మచెట్టు కింద ముందే చిన్న పాదు తవ్వి, నీళ్లు చల్లి ఉంచింది. ఎలాగో చెప్పాను.

ఆవిడ ఆ పాదు వైపే చూసింది.

"కాల్చేస్తారాండి?" అంది. "కాలడం ఇష్టం లేకే కదండి ఆవిడ ఇంత తిరుగుడు తిరిగేరు."

నా ఉద్యోగంలో పెద్ద పెద్ద కంపెనీల మేనేజర్లు నా మీద కేకలేశారు. అవేవీ నాకు గుర్తు లేవు. ఆ మాట మాత్రం ఆవిడ ఏ గొంతుతో అందో ఇప్పటికీ వినిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు టాక్సీవాడు అడిగినంత ఇచ్చేశాను. వాడే అనుమానంగా చూశాడు.

ఆఫీసుకొచ్చి చేటన్‌ను పిలిచి, రాసింది వెనక్కి తీసుకుంటున్నాం, ఉన్నది ఉన్నట్టు రాయి అన్నాను. ఆయన నేను ముందే చెప్పాను అనలేదు. అంతకంటే మంచి సహోద్యోగి లక్షణం నాకు తెలియదు. టెర్రమేషన్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, టీచరమ్మ దేశపు ఎంబసీకి ఒక అర్జీ, అన్నీ తయారు చేశాడు. నేను సిస్టరుకి ఫోన్ చేశాను. ఆవిడ తిట్లతో మొదలుపెట్టి, చర్చి తరఫున ఏం కావాలన్నా రాయించి ఇస్తానని ముగించింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే కౌంటర్. ఈసారి బేరం లేదు. "అమ్మా, మొదట నేను రాసింది తప్పు. ఆ పెట్టెలో ఉన్నది మనిషి," అన్నాను.

ఆ అమ్మాయి మొదటిసారి కాగితం వదిలి నా ముఖం చూసింది.

సర్టిఫికెట్ మీద మాట చదివింది. ఇదేం మాట, ఇంగ్లీషు నేను కాలేజీలో చదువుకున్నాను, ఎప్పుడూ వినలేదు, ఎవరు పెట్టారిది అని అడిగింది. నాకూ సరిగ్గా తెలియదని ఒప్పుకుని, టీచరమ్మ కొడుక్కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. అక్కడ ఆయనకు పడుకునే వేళ. అయినా ఓపిగ్గా చెప్పాడు.

మొదట్లో జనం దీన్ని మనుషులను కంపోస్టు చేయడం అనేవారట. ఇప్పటికీ చాలామంది అదే అంటారట. ఆ మాట వినగానే వంటింటి తొక్కలూ చెత్తబుట్టా గుర్తొస్తాయి. చట్టంలో రాసుకున్న పేరు సేంద్రియ పద్ధతిలో సహజంగా తగ్గించడం అన్నట్టుగా ఉంటుంది. అది లాయరు నోటికి సరిపోతుంది కానీ తల్లి పోయినవాడి నోట్లో పట్టదు. ఈ పని చేసే ఒక సంస్థవాళ్లకు క్రిమేషన్ పక్కన కూర్చోబెట్టగలిగే మాట కావలసి వచ్చింది. అంత్యక్రియలు ఏ పద్ధతిలో అని ఎవరైనా అడిగితే గొంతు తడబడకుండా చెప్పగలిగేది. లాటిన్‌లో భూమిని టెర్రా అంటారు. దాన్ని తెచ్చి క్రిమేషన్ చివరి ముక్కకు అతికించారు. అంతే కథ. మరీ పాత మాటేం కాదు, మొన్న మొన్నటిది.

"అమ్మ వ్యాకరణం టీచరు కదా," అన్నాడాయన. "మొదట విన్నప్పుడు ముఖం చిట్లించింది. ఆ చివరి ముక్కకు విడిగా అర్థమే లేదంది. తరవాత ఒకరోజు తనే అంది, అతుకు కనిపిస్తోంది కానీ బరువు మోస్తోంది, ఉండనీ అని."

నిన్నటిదాకా నేను ఎగతాళి చేసింది ఆ అతుకునే. ఎవడో సరుకు అమ్ముకోవడానికి అంటించిన చీటీ అనుకున్నాను. కావచ్చు కూడా. వ్యాపారం వ్యాపారమే. కానీ మా నాన్న చీటీ ముక్కలను దాచింది. నా చీటీ మనిషినే దాచింది. ఈ చీటీ, ఇందులో ఒక మనిషి ఉందని చెప్పడానికి పెట్టింది. కొట్ల మధ్య పుట్టి పెరిగిన నాకు ఈ తేడా తెలియడానికి రిటైర్మెంట్ దగ్గర పడవలసి వచ్చింది.

ఆ అమ్మాయి ఫైలులో అరబ్బీలో రాయాలి. ఆ మాటకు అరబ్బీలో ఏం రాయాలో తోచలేదు. ఒకటి రాసి కొట్టేసింది. ఎరువు అనే అర్థం వచ్చేది రాసి, వెంటనే తనే తల అడ్డంగా ఊపి అదీ కొట్టేసింది. చివరికి రాసింది నాకు చదివి వినిపించి, హిందీలో అర్థం చెప్పింది. "మట్టికి తిరిగి వెళ్లిన మనిషి అవశేషం." ఒక మాట కోసం మనిషి పడే తంటా నేను అంత దగ్గరగా చూడడం అదే. అమెరికాలో ఆ మొదటి మాట పెట్టినవాళ్లూ ఇలాగే రాసి, కొట్టేసి, మళ్లీ రాసి ఉంటారు.

*

ఫైలు ముదీర్ దగ్గరికి వెళ్లింది. ముదీర్ అంటే ఆ విభాగానికి పెద్ద. నెరిసిన గడ్డం, నెమ్మదైన మనిషి. షినాస్‌లో ఆయనకు సొంత తోట ఉందనీ, మట్టి విషయంలో ఎవరి మాటా వినడనీ కార్గోలో అందరికీ తెలుసు. మన సినిమాలు చూసి నేర్చిన హిందీ బాగానే మాట్లాడతాడు. నన్ను కూర్చోబెట్టి, మొదట అలా ఎందుకు రాశావని అడిగాడు. నిజం చెప్పాను. తెలియని మాట రాస్తే ఆపుతారని భయపడి, తెలిసిన మాట రాశానన్నాను.

ఆయన ఫైలు మూసి పక్కన పెట్టాడు. మా పద్ధతిలో చనిపోయినవాళ్లను కఫన్ గుడ్డలో చుట్టి నేలకు అప్పగిస్తాం, ఆ మిగతా పని నేలే చూసుకుంటుంది, మనిషి చేతులు పెట్టి తొందరపెట్టడం మాకు సమ్మతం కాదు అన్నాడు. ఇక పెట్టె పోయినట్టే అనుకున్నాను.

తరవాత ఆయనే, "ఇది మట్టయితే నా దేశంలోకి రాకూడదు," అన్నాడు. "మనిషయితే నా కొలిమిలోకి పోకూడదు. ఏదని తేలనప్పుడు మనిషే అనుకుందాం."

కొలిమి ఆగింది. కానీ షరతులున్నాయి. పెట్టె ఏ ఇంటికీ వెళ్లకూడదు. ఏ తోటలోనూ కలపకూడదు. సీలుతో నేరుగా చర్చివాళ్ల శ్మశానానికి వెళ్లాలి, అక్కడే విప్పాలి, అక్కడే పూడ్చాలి, బయటికి చిటికెడు కూడా రాకూడదు. ఆ అమ్మాయి వెంట వచ్చి చూసి సంతకం పెట్టాలి. నేను అల్ హైల్ నిమ్మచెట్టు సంగతి ఎత్తాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఖలాస్. ఆ చెయ్యి ఊపిన తీరులో బేరానికి సందు లేదని నాకు అర్థమైంది. బేరమాడేవాడికి ముందు తెలియవలసింది అదే.

కోనసీమ ఆవిడకు చెప్పాను. కాల్చడం లేదనగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. చెట్టు దగ్గరికి రాదనగానే ఆ చేతులు అలాగే ఒళ్లో పడ్డాయి. "పోన్లెండి, సిస్టరుగారోళ్ల సమాధుల తోటేగా. నలుగురూ ఉంటారు," అంది. ఉంటారు గానీ, ఆవిడ అడిగింది నలుగురిని కాదు.

*

ఆ రోజు ఎండ తక్కువగానే ఉంది. సమాధుల తోట అంటారు గానీ అక్కడ తోటేం లేదు. రాళ్ల కొండ కింద గులకనేల, వరసగా సిలువలు, గోడ పక్కన ఒక నీళ్ల పైపు. సిస్టరు, పాస్టరుగారు, చేటన్, నేను. చేటన్ సెలవు పెట్టి వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే. క్వారంటైన్ అమ్మాయి తన కారులో వచ్చి, కొంచెం దూరంగా ఫైలు పట్టుకుని నిలబడింది. కోనసీమ ఆవిడ సిస్టరు కారులోంచి దిగింది. చంకలో మొక్కతో సహా ఆ నెయ్యి డబ్బా ఉంది. మర్నాడే విమానం, మొక్కను ఇక్కడి నుంచి అటే సిస్టరు ఇంట్లో దింపేద్దామని తెచ్చుకుంది.

పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. సీలు విప్పారు. నేను కొంచెం బెదురుగానే చూశాను. నల్లగా, పొడిగా, వాన పడ్డ నేల వాసనతో, మా గూడెం పొలాల్లో దున్నినప్పుడు పైకి లేచే మట్టిలా ఉంది. ఆవిడ గుంట పక్కన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తీసింది. తీసిందేగాని వదల్లేకపోయింది. చేతుల్లో అలాగే పట్టుకుని పక్కనున్న నెయ్యి డబ్బా వైపు ఒకసారి చూసి, మళ్లీ మట్టి వైపు చూసింది.

నా బుర్రలో దీపం వెలగడానికి అప్పటిదాకా పట్టింది. మొక్క అటు పోకూడదని మొదటి రోజే నవ్వినవాణ్ణి, మట్టి ఇటు రాకూడదని తరవాత విన్నవాణ్ణి. రెండూ ఇప్పుడు నా కాళ్ల దగ్గర పక్కపక్కనే ఉన్నాయి.

ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. ముదీర్‌గారి షరతులన్నీ ఒప్పుకుంటున్నాం, చిటికెడు మట్టి కూడా ఇక్కడి నుంచి కదలదు అన్నాను. "ఒక్కటే అడుగుతాను. అల్ హైల్ నుంచి ఒక మొక్కను ఇక్కడికి తెచ్చి నాటుకుంటే దానికి క్వారంటైన్ కాగితం కావాలామ్మా?"

ఆ అమ్మాయి నెయ్యి డబ్బా వైపు చూసింది. గుంట వైపు చూసింది. పెదవి బిగబట్టింది గానీ కళ్లలో నవ్వు ఆగలేదు.

"అల్ హైల్ ఒమాన్‌లోనే ఉంది కదా, అంకుల్," అంది.

నా జీవితంలో ఇంత తక్కువ మాటలతో కుదిరిన బేరం ఇంకోటి లేదు. చేటన్ చొక్కా చేతులు మడిచి గుంట వెడల్పు చేశాడు. కోనసీమ ఆవిడ డబ్బాను నేలకేసి తట్టి, మొక్కను వేళ్లు చెదరకుండా దింపి, టీచరమ్మను దాని చుట్టూ చేత్తో సర్దింది. తనలో తను ఏదో సణుగుతూనే ఉంది. దగ్గరికి వెళ్లాక వినిపించింది. సగం మీకు, సగం నాకు, ఈసారి పేచీ పెట్టకండి, అంటోంది. క్వారంటైన్ అమ్మాయి గోడ దగ్గర పైపు నుంచి సీసాలో నీళ్లు పట్టుకొచ్చి తనే పోసింది. పోశాక సంతకం పెట్టింది.

నా సర్వీసంతా నేనే అందరి పనులూ చేసిపెట్టానని చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ పెట్టె విషయంలో నేను చేసింది పాడుచేయడమే. బాగుచేసింది నన్ను ఒక్క మాటా అనని చేటన్, కాగితం చూడడం తెలిసిన ఆ కొత్త పిల్ల, సమ్మతం లేకపోయినా మనిషి వైపు తేల్చిన ముదీర్. ఊరు కాని ఊళ్లో, వాళ్లకు నేనెవరని? ఒమాన్ నాకిచ్చింది జీతం ఒక్కటే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పిల్లలూ, మీరు రేపు ఏ కౌంటర్ ముందు నిలబడ్డా, ఆ లైనులో ఏం రాయాలో తోచకపోతే, ముందు ఉన్నది రాసి చూడండి. అవతల ఉన్నవాళ్లు కూడా మనుషులేనని తెలుసుకోవడానికి అది దగ్గరి దారి.

*

నేను రిటైరై గూడెం వచ్చేశాను. సిస్టరు ఇంకా అక్కడే ఉంది. ప్రతి శుక్రవారం ప్రార్థన అయ్యాక వెళ్లి ఆ మొక్కకు నీళ్లు పోస్తుందట. తను డ్యూటీలో ఉంటే ఎవరో ఒక ఒమానీ అమ్మాయి వచ్చి పోసి వెళ్తోందని సమాధుల తోట కాపలాదారు చెప్పాడట. ఎవరని నేను అడగలేదు, సిస్టరూ చెప్పలేదు.

ఈ మధ్య సిస్టరు సెలవు మీద వస్తూ నాకో చిన్న పొట్లం తెచ్చింది. నల్లగా ఎండిన నిమ్మకాయలు. ఆ మొక్క మొదటి కాపు, సరిగా గుప్పెడు కూడా లేవు. నేను మర్నాడే బస్సెక్కి, రావులపాలెంలో మారి, రేవు దాటి ఆ లంక ఊరికి వెళ్లాను. దారిలో ఆటోవాడితో బేరమాడాను. ఆ మాత్రం లేకపోతే మా నాన్న ఆత్మ శాంతించదు.

ఆవిడ నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, పొట్లం విప్పింది. ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. తరవాత రోట్లో చితక్కొట్టి, వేణ్ణీళ్లలో వేసి, పంచదార కలిపి రెండు గ్లాసుల్లో పోసింది. పులుపు, కొంచెం చేదు, కొంచెం పొగ వాసన. ఇద్దరం అరుగు మీద కూర్చుని తాగాం.

"సిస్టరుగారు ఏర్‌పోర్టులో ఇదేవిటని చెప్పేరండి?" అని అడిగింది.

"ఎండు నిమ్మకాయలని చెప్పిందట."

"కాయితాలేం అడగలేదాండి?"

"లేదమ్మా. కాసిన్ని నిమ్మకాయలకు కాగితాలేముంటాయి?"

ఆవిడ గ్లాసు అరుగు మీద పెట్టింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే మా మేడమ్‌గారు, ఏ కాయితం లేకుండా మా ఊరొచ్చేసేరన్నమాటండి," అంది.